ఇల్లు తర్వాత ఉన్నది

పుస్తకంలోంచి ల అనే అక్షరం సోమవారం పోయింది. దాంతోపాటు ఇ పోయింది, కొమ్ములు పోయాయి, పొల్లులు పోయాయి, వత్తులు విడిపోయాయి, ఏటవాలు గీతలన్నీ మాయమయ్యాయి. ఈ సంగతి మాస్టారికి మంగళవారం ఉదయం ఎనిమిదింబావుకు తెలిసింది.

ఆ రోజుకు ఆయన వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ప్రచురణ కార్యాలయం పంపిన ఆఖరి ప్రూఫు ఒకసారి తిరగేయాలి. చివరి పేజీ మీద సంతకం పెట్టాలి. పదింటికల్లా ఆఫీసులో ఇచ్చేసి, మూడో పీరియడుకు బడికి చేరుకుని, ఏడో తరగతికి సంధులు చెప్పాలి. సాయంత్రం నాలుగింటికి అచ్చుయంత్రం మొదలవుతుంది. నాలుగు దాటితే యంత్రం మరో పుస్తకానికి వెళ్ళిపోతుంది. మళ్ళీ వంతు ఆర్నెల్లకు. వచ్చే నెల కొత్త తరగతులు మొదలయ్యేనాటికి పుస్తకం పిల్లల చేతుల్లో ఉండాలని దాన్ని రాసిన మనిషి కోరిక. ఆ మనిషి మాస్టారి భార్య. ఆమె పోయి ఎనిమిది నెలలయింది.

పుస్తకం పేరు 'ఇంటి మాటలు'. పిల్లల కోసం రాసిన నిఘంటువు. మొత్తం రెండువేల నూట నలభై మాటలు. ఆమె కూడా టీచరే, చిన్న తరగతులకు చెప్పేది. మాట గుర్తుండాలంటే అది ఎక్కడుంటుందో పిల్లలకు తెలియాలని ఆమె సిద్ధాంతం. అందుకని ప్రతి మాటకూ అర్థంతోపాటు ఒక చిరునామా రాసింది. తలుపు చిరునామా ఇల్లు/ముందుగది/తలుపు. తలగడ చిరునామా ఇల్లు/పడకగది/మంచం/తలగడ. ముందు ఇంట్లోకి రావాలి, తర్వాత గదిలోకి, ఆ తర్వాతే వస్తువు దగ్గరికి. చుట్టాలకూ చిరునామాలున్నాయి. ఆమె లెక్కలో 'బంధువులు' కూడా ఇంట్లో ఒక గదే. సరిచూసుకోవడానికి ఇంట్లో ప్రతి వస్తువు మీదా తెల్ల చీటీ అంటించి చిరునామా రాసింది. మాస్టారి కళ్ళజోడు డబ్బా మీద కూడా ఒకటుంది. చీటీలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వాటి జోలికి ఎవరూ పోలేదు.

మాస్టారు ప్రూఫు విప్పారు. అర్థాలు బాగానే ఉన్నాయి. ఆమె వాక్యాలు ఆమె వాక్యాల్లాగే ఉన్నాయి. మార్జిన్‌లో చిరునామాలు ఉండాల్సిన చోట మాత్రం ఎవరో పళ్ళు తోముకుంటూ చెప్పినట్టుంది.

అక్క: బంధవఅకక.

అమ్మ: బంధవఅమమ.

అలమర: పడకగదిగోడఅమర.

అల్లుడు: బంధవఅడ.

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. మధ్యలో ఒక పేజీ తీశారు. తలుపు పక్కన 'మందగదితప' అని ఉంది. ఇంకో పేజీ తీశారు. కొడుకు పక్కన ఉన్నది చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

'బంధవకొడక.'

ముప్ఫై ఏళ్ళుగా ఎర్రకలం పట్టిన చెయ్యి అది. కలం మూత తీశారు గానీ ఎక్కడ సున్నా చుట్టాలో తెలియలేదు. చుడితే పేజీ మొత్తాన్నీ చుట్టాలి. మూత పెట్టేసి, ప్రూఫు చంకలో పెట్టుకుని, బయటికి నడిచారు. తలుపు మీద చీటీ గాలికి కొంచెం కదిలింది. దాని మీద తలుపు అని తప్పు లేకుండా ఉంది.

నోటుబుక్కు చూసి పుస్తకాన్నంతా టైపు చేసింది ఆయన మరదలు, అంటే భార్య చెల్లెలు. రెండు వీధుల అవతల ఉంటుంది. ఒక లాయరు దగ్గర టైపిస్టు. తప్పు అక్కడే జరిగి ఉండాలని మాస్టారు దారిలో తేల్చేసుకున్నారు. గంట కొడితే తలుపు తీసింది మరదలు కాదు, తోడల్లుడు. సగం గడ్డం గీసుకుని, సగం నురగతో ఉన్నాడు.

"కొడక!" అన్నారు మాస్టారు, ప్రూఫు అతని ముఖం ముందు ఆడిస్తూ. "కొడకట, కొడక!"

తోడల్లుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఎవర్నండీ అంటున్నారు పొద్దున్నే?"

"ఇక్కడ ఉన్నదే అంటున్నాను. ఇదిగో, మీరూ ఉన్నారు." మాస్టారు పేజీ తిప్పారు. "తోడల్లుడు: బంధవతోడడ. చదవండి. మీరే చదవండి!"

"ఏమేవ్," అని లోపలికి కేకేశాడు తోడల్లుడు. "మీ బావగారొచ్చారు. నన్ను తోడడ అంటున్నారు. నువ్వే మాట్లాడు."

మరదలు తల దువ్వుకుంటూ వచ్చింది. మాస్టారు ఆమె ముందు ప్రూఫు పరిచారు.

"మీరు టైపు చేసేటప్పుడు మీ మెషీన్లో ల మీట పనిచేస్తోందా లేదా చూసుకున్నారా?"

మరదలు దువ్వెన ఆపింది. మాస్టారు బడిలో పిల్లల్ని మామూలుగా నువ్వు అంటారు. కోపం వస్తేనే మీరు అంటారు. ఆ మీరు వినబడితే ఏడో తరగతి మొత్తం బల్లల కింద పుస్తకాలు వెతుక్కుంటుంది. మరదలిని ఆయన మీరు అనడం ఇదే మొదటిసారి.

"మీరు దాకా వచ్చిందన్నమాట వ్యవహారం," అంది ఆమె. "రండి లోపలికి. మీ ముందే కొడతాను."

కంప్యూటరు ముందు కూర్చుని, 'పిల్లలు బల్లల మీద పలకలు పెట్టి లల్లాయి పాటలు పాడుతున్నారు' అని టకటకా కొట్టింది. ఒక్క ల కూడా తప్పిపోలేదు.

"చూశారా? ఇప్పుడు చెప్పండి ఎవరి మీట పనిచెయ్యట్లేదో."

"అయితే నోటుబుక్కులోంచి ఎక్కించడంలో..."

"నోటుబుక్కు ఇదిగో." ఆమె బీరువాలోంచి నీలం అట్ట నోటుబుక్కు తీసింది. "మా అక్క రాసింది రాసినట్టు కొట్టాను. చుక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. కావాలంటే మీరే పోల్చి చూడండి."

మాస్టారు నోటుబుక్కు వైపు చెయ్యి చాపలేదు. "ఇప్పుడు వద్దు," అన్నారు.

ఎనిమిది నెలలుగా ఆయన అదే మాట అంటున్నారు. టైపుకి ఇవ్వడానికి కూడా ఆమెనే వచ్చి అలమరలోంచి తీసుకెళ్ళమన్నారు. మరదలు నోటుబుక్కుని సంచీలో పెట్టుకుని, చెప్పులేసుకుంది.

"నడవండి. నా మీద పడ్డ నింద నాలుగింటిలోపు దిగాలి. లేకపోతే నేను కూడా మిమ్మల్ని మీరు అంటాను."

"ఇప్పుడూ మీరే అంటున్నావు కదా?"

"ఇది మర్యాద మీరు. అది వేరే మీరు."

ప్రచురణ కార్యాలయం రెండో అంతస్తులో ఉంది. మెట్ల మీద సగం దాకా కాగితం కట్టలే. మనిషి అడ్డంగా తిరిగి ఎక్కాలి. లోపల మేనేజరు ఎదురొచ్చి చేతులు జోడించాడు. ఎంత గడ్డు వార్తనైనా శుభవార్తలా చెప్పగల మనిషి.

"రండి మాస్టారూ! సంతకం అయిపోయిందా?"

"దీని మీదా?" మాస్టారు ప్రూఫు బల్ల మీద పడేశారు. "ఇది చదివి సంతకం పెట్టేవాడికి సంతకం కూడా రాకూడదు. ఇందులో నాన్న నానన అయ్యాడు. చీపురు చీపర అయింది. మందుల పెట్టె మందపెటటె అయింది. ముప్ఫై ఏళ్ళలో ఇన్ని తప్పులున్న కాగితం నేను ఒక్కటి కూడా దిద్దలేదు, ఒకటో తరగతి వాళ్ళది కూడా!"

మేనేజరు ఒక పేజీ చూశాడు. కొంచెం దూరం పెట్టి చూశాడు. "ఓ, ఇదా! ఇది ఫాంటు సమస్య మాస్టారూ. వత్తులు కుదరని ఫాంటు. రెండు నిమిషాలు."

రెండు నిమిషాలు కాదు, ముప్పావుగంట పట్టింది. కొత్త ఫాంటులో పేజీ ముద్రించి తెచ్చాడు. ఇంతకు ముందు మామూలుగా ఉన్న 'బంధవకొడక' ఇప్పుడు గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలతో, పెళ్ళి శుభలేఖ మీద అచ్చేసినట్టు ఉంది.

"బాగుంది కదా," అన్నాడు మేనేజరు.

"తిట్టు అందంగా ఉంది," అంది మరదలు.

అప్పటిదాకా కిటికీ పక్క బల్ల దగ్గర తలవంచుకుని ఉన్న ప్రూఫు చూసే ఆవిడ తల ఎత్తింది. చెవిలో పెన్సిలు, ముక్కు చివర కళ్ళద్దాలు. "మార్జిన్ల గురించేనా మీరు మాట్లాడేది? అవి తప్పులా?"

"మీకు తప్పుల్లా కనబడలేదా?" అన్నారు మాస్టారు. ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. అదింకా ప్రమాదం.

"అర్థాల్లో ఒక్క అక్షరం పోలేదు, మార్జిన్లలో మాత్రం లెక్కపెట్టినట్టు అవే అక్షరాలు పోయాయి. తప్పులు అంత పద్ధతిగా ఉంటాయాండీ? నా అనుభవంలో ఉండవు. పిల్లల పుస్తకం కదా, పోయిన అక్షరాలు కనుక్కునే ఆట పెట్టారేమో అనుకున్నాను. అందుకే ప్రతి పేజీ కింద 'ఖాళీలు పూరింపుము' అని చేర్చాను."

మాస్టారు ప్రూఫు తీసి పేజీ అడుగు చూశారు. ఉంది. రెండో పేజీ చూశారు. అక్కడా ఉంది. తలుపుని తప చేసి, కింద పూరింపుము అని పెట్టారు వీళ్ళు.

"ఆ ఆలోచన నాకు ఎంత నచ్చిందనుకున్నారు!" అన్నాడు మేనేజరు. ఆ నచ్చడం ఎంతదాకా వెళ్ళిందో గుర్తొచ్చి అతని ముఖం వాడిపోయింది. "నచ్చి... నిన్న మధ్యాహ్నం అట్ట మీద కూడా వేయించాను."

"ఏం వేయించారు?"

మేనేజరు బల్ల వెనక నుంచి ఒక అట్ట తీశాడు. నీలం రంగు మీద 'ఇంటి మాటలు'. దాని కింద ఆమె పేరు. ఆ పేరు కింద, ఎర్ర నక్షత్రంలో, 'ఇందులో ఏదో పోయింది! కనుక్కోండి!'

"ఎన్ని వేశారు?" అంది మరదలు మెల్లగా.

"మూడువేలు."

మాస్టారు ఆ ఎర్ర నక్షత్రాన్నే చూస్తున్నారు. ఆమె పేరుకూ దానికీ మధ్య రెండు అంగుళాల దూరం కూడా లేదు.

"అయ్యా," అన్నారు ఆయన చివరికి. "ఈమె పదకొండేళ్ళు కష్టపడింది. గొళ్ళెం అనాలా గడియ అనాలా అని వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అలాంటి పుస్తకంలో అక్షరాలు పోతే మీలో ఒకరు ఫాంటు అంటారు, ఒకరు ఆట అంటారు. తప్పయింది అన్న మాట మాత్రం ఒక్కరి నోటా రాదు. అసలు ఈ అక్షరాలను ఎవరు తీశారు? నాకు ఆ మనిషి కావాలి."

ఆ మనిషి లోపలి గదిలో ఉన్నాడు. ఆఫీసులో అతన్ని కుదింపు అంటారు. ఫైళ్ళు కుదిస్తాడు, బొమ్మలు కుదిస్తాడు, ఆ అలవాటు మాటలకు కూడా పాకింది. మాస్టారిని చూసి లేచి నిలబడి, "నమ," అన్నాడు.

"ఈ చిరునామాలు మీరే చేశారా?"

"ఆ. పొడుగు."

"ఎవరు చెయ్యమన్నారు?"

"మేనే."

"పూర్తి వాక్యం!" మాస్టారి అరిచేయి బల్ల మీద పడింది. "కర్త, కర్మ, క్రియ. మూడూ కావాలి. ఒక్కటి తగ్గినా నేను ఇక్కణ్ణుంచి కదలను."

కుదింపు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు కిటికీ వైపు చూశాడు. వేరే దారి లేక కుదింపు చాలా రోజుల తర్వాత ఒక పూర్తి వాక్యం మాట్లాడాడు.

"మేనేజరుగారు... చిరునామాలను... చిన్నవి చెయ్యమన్నారు."

"నేనన్నది చాలా చిన్న పని మాస్టారూ," అందుకున్నాడు మేనేజరు. "మార్జిన్ వెడల్పు రెండువేళ్ళు. ప్రతి చిరునామా ముందూ ఇల్లు, ఇల్లు, ఇల్లు. రెండువేల సార్లు ఒకటే మాట. అది తెలిసిందే కదా, తీసెయ్యమన్నాను. ఇల్లు ఒక్కటే తీసెయ్యమన్నాను!"

కుదింపు కంప్యూటరు తెర తిప్పి చూపించాడు. పుస్తకం మొత్తం ఎక్స్‌ఎంఎల్ అనే పద్ధతిలో ఉంది. ప్రతి మాటకూ ముందొక చీటీ, వెనకొక చీటీ కట్టి, పెట్టెలో పెట్టె, దాంట్లో ఇంకో పెట్టెగా సర్దడం ఆ పద్ధతి. ఏ మాట ఏ పెట్టెలో ఉందో దారి చెప్పడానికి ఎక్స్‌పాత్ అని వేరే భాష.

"మా అక్క ఇంటినిండా చీటీలంటించిందే, అదే," అంది మరదలు. "దానికి ఇన్ని పేర్లా?"

"ఆ దారి పొట్టిగా చెయ్యడానికి నేను ట్రాన్స్‌లేట్ అనే ఆదేశం వాడాను," అన్నాడు కుదింపు. పూర్తి వాక్యాలతో అతనికి చెమటలు పడుతున్నాయి. "ఇల్లు అని ఇచ్చాను, పక్కన గీత కూడా ఇచ్చాను. బదులు ఏం పెట్టాలో చెప్పలేదు. చెప్పకపోతే తీసేస్తుంది."

"ట్రాన్స్‌లేట్ అంటే అనువాదం."

"పేరు అదేనండీ. పని అది కాదు. అది మాటని చూడదు. అక్షరం అక్షరంగా చూస్తుంది."

మాస్టారు చుట్టూ చూశారు. గోడకు తెల్లబోర్డు ఉంది. కుదింపు చేతిలోంచి మార్కరు తీసుకుని దాని మీద రాశారు: ఇ, ల, పొల్లు, మళ్ళీ ల, కొమ్ము, ఏటవాలు గీత.

"ఇది మీరు దానికిచ్చిన జాబితా. ఇల్లు అన్న మాట తీసెయ్యమని మీరనుకున్నారు. దానికి వినబడింది వేరు. ఈ గుర్తులు ఎక్కడ కనబడితే అక్కడ పీకెయ్యమని. అది పీకింది. తలుపులో ల పీకింది, రెండు కొమ్ములూ పీకింది, తప మిగిలింది. అక్కలో పొల్లు పీకింది, వత్తు ఊడి కింద పడింది. గీతలు కూడా పీకింది కాబట్టి గదులన్నీ ఒకదాని మీదొకటి కూలాయి. ఒక ఇల్లు తీసెయ్యండయ్యా అంటే, ఊళ్ళో ఉన్న ప్రతి ఇంట్లోంచీ అలాంటి ఇటుకలన్నీ ఏరుకుపోయారు మీరు!"

"సరిగ్గా అంతేనండీ," అన్నాడు కుదింపు. అతనికి ఇంత బాగా ఎవరూ ఎప్పుడూ వివరించలేదు.

"చేసి ఒకసారి చూసుకోవద్దా?"

"చూశానండీ. మూడు చూశాను. గోడ, గడప, మేడ."

మాస్టారు బోర్డు వైపు చూశారు. ఇల్లు/గోడ. ఇల్లు/గడప. ఇల్లు/మేడ. ఆ మూడింటిలో ల లేదు, కొమ్ము లేదు, వత్తు లేదు. రెండువేల నూట నలభైలో ఏ గాయమూ తగలని మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని ఉంటాయి. ఈ మనిషి సరిగ్గా వాటినే ఏరుకుని చూశాడు.

"పోనీ, ఇంకో సులువు," అన్నాడు మేనేజరు ఉత్సాహంగా. "చిరునామా అంతా ఎందుకు? చివరి మాట ఒక్కటి ఉంచుదాం. ఎంత పొట్టి!"

"పిడి," అన్నారు మాస్టారు.

"ఏమిటి?"

"చివరి మాట పిడి. ఏ పిడి? కత్తి పిడా, గొడుగు పిడా, మగ్గు పిడా? పదకొండు పిడులున్నాయి ఇందులో. ఏ పిడి పట్టుకోవాలో తెలియక పిల్లవాడు కత్తి అంచు పట్టుకుంటే మీరొస్తారా? ఏ మాట ఎక్కడుంటుందో చెప్పడానికే ఈ పుస్తకం పుట్టిందండీ. అది తీసేస్తే ఇక అట్ట ఒక్కటే మిగులుతుంది. ఆ అట్ట సంగతి నేను మళ్ళీ ఎత్తదలచుకోలేదు."

మేనేజరు ఎర్ర నక్షత్రం ఉన్న అట్టను మెల్లగా తిరగేసి బోర్లా పెట్టాడు.

"ఇంకో ఆదేశం ఉందండీ," అన్నాడు కుదింపు. "సబ్‌స్ట్రింగ్-ఆఫ్టర్. ముక్కని ముక్కగానే చూస్తుంది, అక్షరాలు ఏరదు. ఫలానా ముక్క ఇస్తే, అది మొదటిసారి ఎక్కడ కనబడుతుందో చూసి, దాని తర్వాత ఉన్నదంతా మనకిస్తుంది."

"తర్వాత ఉన్నదంతా," అన్నారు మాస్టారు.

"అవునండీ. ఇల్లు, గీత అని ఇస్తే, ఇల్లు తర్వాత ఏం మిగిలితే అది వస్తుంది."

మాస్టారు తల ఊపారు. చాలాసేపటికి ఒక పేరు దాని పనికి సరిపోయింది. "ఇదే ముందు వాడి ఉంటే ఏం పోయింది?"

"ట్రాన్స్‌లేట్ పొట్టిగా ఉంటుందండీ," అన్నాడు కుదింపు.

ఒంటిగంటకు కొత్త ప్రూఫు వచ్చింది. మాస్టారు ఎవరినీ నమ్మే స్థితిలో లేరు. ప్రతి మాటా పైకి చదవాల్సిందే అన్నారు. ప్రూఫు చూసే ఆవిడది వెనక నుంచి ముందుకు చదివే పద్ధతి. ముందు నుంచి చదివితే అర్థంలో పడి అక్షరం కనబడదట. అలాగే మొదలుపెట్టారు. ఆమె మాట చదువుతుంది, మరదలు చిరునామా చదువుతుంది, మాస్టారు కళ్ళు మూసుకుని వింటారు. మేనేజరు ప్రతి పేజీ కిందా 'ఖాళీలు పూరింపుము' కొట్టేస్తూ వస్తున్నాడు.

"తోడల్లుడు."

"బంధువులు, తోడల్లుడు."

"మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాలి, మళ్ళీ మనిషయ్యారని," అంది మరదలు.

తలుపు తలుపైంది. తలగడ మంచం మీదికి చేరింది. కొడుకు కొడుకుగా బంధువుల్లోకి తిరిగొచ్చాడు. రెండున్నర అయింది, మూడు అయింది. బడిలో సంధులు మాస్టారి కోసం ఎదురుచూస్తూ విడిపోయే ఉన్నాయి. మూడుంపావుకి ఇంకా ఆరు పేజీలున్నాయనగా మేనేజరు తల పట్టుకున్నాడు.

"అన్నీ బాగైపోయాయి మాస్టారూ. సంతోషమే. కానీ అట్ట మీద ఏదో పోయింది కనుక్కోండి అని మూడువేలు వేశాం. ఇప్పుడు లోపల పోయింది ఏదీ లేదే! కొన్నవాళ్ళు మమ్మల్ని నిలదీస్తారు."

"నిలదీయనివ్వండి," అన్నారు మాస్టారు కళ్ళు తెరవకుండా. "కానివ్వండి, తర్వాతి మాట."

"ఇసుక."

"పెరడు, ఇసుక."

"ఇల్లు."

మరదలు ఏమీ చదవలేదు.

"చిరునామా?" అన్నారు మాస్టారు.

"లేదు," అంది మరదలు.

"లేదంటే?"

"ఖాళీగా ఉంది బావగారూ."

మాస్టారు కళ్ళు తెరిచారు. ప్రూఫు లాక్కుని చూశారు. 'ఇల్లు' అని ఉంది. పక్కన మార్జిన్ తెల్లగా ఉంది. కింద అర్థం ఉండాల్సిన చోట నాలుగు పంక్తుల జాగా. అదీ తెల్లగానే ఉంది.

పొద్దుటి నుంచి కూడబెట్టుకున్న కోపం అంతా అప్పుడు బయటికొచ్చింది. "అన్నీ ఇచ్చి ఇల్లు మింగేశారన్నమాట! చీపురు ఇచ్చారు, మగ్గు ఇచ్చారు, పదకొండు పిడులు ఇచ్చారు. ఏ మాట మీద ఈ పుస్తకం నిలబడిందో దాన్ని మాత్రం మాయం చేశారు. మీకిది కుదింపు. మీకిది ఫాంటు. మీకిది ఆట. ఆమె రాసిన మాట మీకు ఏమీ కాదు! ఆ అర్థం ఎక్కడ పారేశారో వెతకండి. చెత్తబుట్టలో ఉంటే చెత్తబుట్ట బోర్లించండి. అది దొరికేదాకా సంతకం లేదు!"

మేనేజరు నిజంగానే చెత్తబుట్ట బోర్లించాడు. ప్రూఫు చూసే ఆవిడ సొరుగులు లాగింది. కుదింపు పాత ఫైళ్ళన్నీ తెరిచి చూశాడు. సోమవారంది, ఆదివారంది, మరదలు పంపిన మొట్టమొదటిది. అన్నిట్లోనూ అక్కడ తెలుపే.

"చిరునామా ఎందుకు పోయిందో నేను చెప్పగలనండీ," అన్నాడు కుదింపు, వాక్యాలు పూర్తి చేస్తూ. "మిగతా అన్నిటికీ ఇల్లు తర్వాత గీత ఉంది, గీత తర్వాత ఏదో ఉంది. దీని చిరునామా ఉత్త ఇల్లు. దాని తర్వాత ఏమీ లేదు. ముక్క దొరక్కపోతే ఆ ఆదేశం ఖాళీ ఇస్తుంది. అది నా తప్పే. దిద్దుతాను. కానీ అర్థాన్ని నేను ముట్టుకోలేదండీ. ఒట్టు."

"మీరు ముట్టుకోకపోతే..." మాస్టారు మరదలి వైపు తిరిగారు. "మీరు..."

మరదలు ఆ మాట పూర్తి కానివ్వలేదు. సంచీలోంచి నీలం అట్ట నోటుబుక్కు తీసి, పేజీ వెతుక్కోకుండానే తెరిచి, ఆయన ముందు పెట్టింది.

"పొద్దున ల మీట గురించి అడిగారు. దీని గురించి అడగలేదు."

ఎనిమిది నెలల తర్వాత మాస్టారు ఆ నోటుబుక్కు చూశారు. పేజీ పైన ఆమె గుండ్రటి రాత. 'ఇల్లు.' పక్కన చిరునామా, 'ఇల్లు.' అర్థం దగ్గర ఏమీ లేదు. జాగా వదిలి, కింద పెన్సిలుతో సన్నగా రాసుకుంది.

'దీనికి అర్థం ఆయన రాస్తానన్నారు. ఆదివారం ఇస్తారట.'

దాని కింద, ఇంకో తేదీతో, 'మళ్ళీ అడిగాను. వచ్చే ఆదివారమట.'

దాని కింద, 'పరీక్ష కాగితాలు దిద్దుతున్నారు. అడగలేదు.'

ఆ తర్వాత పెన్సిలు రాత లేదు.

చెత్తబుట్ట బోర్లా పడే ఉంది. మాస్టారు ఆ మూడు పంక్తులూ రెండుసార్లు చదివారు. ఎర్రకలం జేబులో ఉంది, అక్కడ దిద్దడానికి తప్పేమీ లేదు.

"నీకు తెలుసా?" అన్నారు మరదలితో. మీరు నుంచి నువ్వుకి దిగారు.

"టైపు చేసిన రోజు నుంచి తెలుసు."

"చెప్పలేదేం?"

"నోటుబుక్కు చూడండి చూడండి అని అన్నిసార్లు అంటుంటే, ఇప్పుడు వద్దన్నారు కదా బావగారూ."

గోడగడియారం నాలుగుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "మాస్టారూ, రెండు ముక్కలు ఇప్పుడే రాసిచ్చేస్తే... మనుషులు నివసించే కట్టడం, అలా ఏదో. మీకెంతసేపు?"

మాస్టారు అతని వైపు చూసిన చూపుకి మేనేజరు తన వాక్యాన్ని తనే కుదించుకున్నాడు.

ఆయన కలం తీశారు. ఆ నాలుగు పంక్తుల జాగా మీద ఉంచారు. కిందటి ఏడాది ఈ పాటికి రెండు నిమిషాల్లో రాసిపడేసి ఉండేవారు. వంటగదిలోంచి ఆమె ఆ మాట బాగాలేదు, ఇంకోటి చెప్పండి అనేది. కలం కొన అక్కడే ఆగింది. మూడు నిమిషాలు ఆగింది. మేనేజరు గడియారం వైపు చూశాడు.

చివరికి మాస్టారు పేజీలు తిప్పి, ఆఖరి పేజీ మీద సంతకం పెట్టారు.

"అది ఖాళీగా వెళ్ళిపోవచ్చాండీ?" అంది ప్రూఫు చూసే ఆవిడ.

"ఆమె ఖాళీగా పెట్టింది. అలాగే వెయ్యండి. చిరునామా మాత్రం సరిచెయ్యండి." కలం మూత పెట్టారు. "అట్ట మీద ఎలాగూ రాశారు కదా, ఏదో పోయిందని."

మేనేజరు అట్టను తిరగేసి చూసుకున్నాడు. మూడువేల అట్టల్లో ఒక్కటి కూడా అబద్ధం కాలేదు. అతనూ కుదింపూ మాస్టారికి నమస్కారం పెట్టారు. కుదింపు ఈసారి "నమస్కారమండీ" అని చివరిదాకా అన్నాడు.

మెట్లు దిగుతూ మరదలు అడిగింది. "రెండో ముద్రణకైనా రాస్తారా?"

"రాస్తాను. ఆదివారం కూర్చుంటాను."

"ఏ ఆదివారం, బావగారూ?"

మాస్టారు కాగితం కట్టల మధ్య అడ్డంగా తిరిగి ఇంకో మెట్టు దిగారు.

పుస్తకం నెలలోపే పిల్లల చేతుల్లోకి వెళ్ళింది. ల ఎక్కడా తప్పిపోలేదు. వారం తిరక్కుండానే మాస్టారి పేర మొదటి ఉత్తరం వచ్చింది. ఎనిమిదేళ్ళ పాఠకురాలు ఎవరో, అట్ట మీద అడిగిన దాన్ని ఆరో పేజీలో కనుక్కున్నాననీ, జవాబు పంపితే సరిచూసుకుంటాననీ రాసింది. ఆ ఉత్తరం ఇల్లు/ముందుగది/బల్ల/సొరుగు అన్న చీటీ ఉన్న చోట ఉంది. జవాబు ఇంకా రాయలేదు.